అది పొగరు కాదమ్మా

ప్రశ్న: మా అమ్మాయికి 16 ఏళ్లు. ఇంటర్ రెండో సంవత్సరం, బైపీసీ. పదో తరగతి వరకు నా కొంగు వదిలేది కాదు. దసరా సెలవులకు వచ్చాక మళ్లీ హాస్టల్‌కు వెళ్లనంది. ఇంటి నుంచే కాలేజీకి పంపుతున్నాం. రాత్రి మూడింటికీ మెలకువగానే ఉంటుంది. ఎంతో ఇష్టపడి నేర్చుకున్న కూచిపూడి మానేసి గజ్జెలు అటక ఎక్కించింది. తినమంటే కంచం తోసేస్తుంది. మా అమ్మతో మాత్రం గంటలు మాట్లాడుతుంది. దీని కోసం టీచరు ఉద్యోగం మానుకున్నాను. ఆ మాటే అంటే, "నేను లేకపోతే నీకు ఫీజులు మిగులుతాయిలే" అంది. ఇది ఫోను నేర్పిన పొగరా, జబ్బా? మానసిక వైద్యులకు చూపిస్తే రేపు సంబంధాలు రావని మా అత్తగారి భయం.
– ఒక తల్లి, తెనాలి

జవాబు: ఫీజుల మాటతో మొదలుపెడతాను. అది ఎదురు సమాధానం కాదు. మీరు మానుకున్న ఉద్యోగాన్ని ఆ పిల్ల తన పేరున అప్పుగా రాసుకుంది. ఈ రోజే పక్కన కూర్చుని, "చచ్చిపోవాలని అనిపిస్తోందా?" అని ఆ మాటల్లోనే అడగండి. అడిగితే లేని ఆలోచన పుడుతుందన్నది అపోహ. అవునంటే తిట్టకండి, ఏడ్చి ఒట్టు వేయించుకోకండి. ఒంటరిగా వదలకుండా అదే రోజు ఆసుపత్రికి తీసుకెళ్లండి. ఏ సమాధానం వచ్చినా ఇంట్లోని మందుబిళ్లలకు, పురుగుమందు ఉంటే దానికీ తాళం వేయండి. 14416కు ఫోను చేస్తే ప్రభుత్వ మానసిక ఆరోగ్య సహాయవాణి టెలిమానస్ వాళ్లు రాత్రీ పగలూ తెలుగులో ఉచితంగా మాట్లాడతారు.

ఇక పొగరా, జబ్బా అంటారా. ఈ వయసులో దిగులు చాలాసార్లు కోపం వేషంలోనే వస్తుంది. నిద్ర, తిండి, ఇష్టమైన పని, అన్నీ రెండు వారాలకు మించి తలకిందులైతే డిప్రెషనేమో చూపించవలసిందే. ఫోను నిద్ర చెడగొడుతుంది, కాదనను. కానీ నిద్ర పట్టని పిల్ల కూడా ఫోనే పట్టుకుంటుంది. రక్తహీనత, థైరాయిడ్ ఉన్నాయేమో కూడా వైద్యులు చూస్తారు. మందులు రాస్తే గుణం తెలియడానికి కొన్ని వారాలు పడుతుంది. మొదటి వారాల్లో మరింత కనిపెట్టి ఉండాలి, మీ అంతట మీరు ఆపకూడదు. డాక్టరు అమ్మాయితో విడిగా మాట్లాడతారు. బయటకు రాగానే "నా గురించి ఏం చెప్పావు?" అని అడగవద్దు. (నా దగ్గరకు వచ్చే తల్లులు లిఫ్టు దాకా కూడా ఆగరు.)

అమ్మమ్మ దగ్గర నోరు విప్పుతోందని మీ మనసు నొచ్చుకున్నట్టుంది. ఆవిడ మార్కులు అడగదు, అంతే. వీలైతే కొన్నాళ్లు మీ ఇంటికి పిలిపించుకోండి. మీరు మాత్రం ఎదురుగా కూర్చోబెట్టి ప్రశ్నలు వేయడం మాని, స్కూటర్ మీద కాలేజీకి దింపుతూ మీ సంగతులేవైనా చెప్పండి. ముఖాలు చూసుకోనక్కర్లేని చోట ఈ పిల్లలకు మాట తేలిగ్గా వస్తుంది. ఉద్యోగం మానుకున్న కథ ఒక్కటి వద్దు. మళ్లీ చేరే వీలుంటే చేరండి, అదీ మీ కోసమే.

సంబంధాల సంగతి: 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం ప్రకారం చికిత్స వివరాలు గోప్యంగా ఉంచాలి. అత్తగారికి చెప్పాలా వద్దా అన్నది అమ్మాయినే అడగండి.