టౌమలోలో టోంగాకి మారి తప్పు చేశాడా? ఆక్లాండ్ నుంచి నా జవాబు

మీ ప్రశ్న "జేసన్ టౌమలోలో న్యూజిలాండ్ లాంటి పెద్ద టీమ్ వదిలేసి టోంగాకి ఎందుకెళ్ళాడు, కెరీర్ దెబ్బతినలేదా?" అని కదా. నేను సౌత్ ఆక్లాండ్‌లో ఉంటానండి. 2017లో ఒక వేర్‌హౌస్‌లో చేసేవాణ్ణి, నా షిఫ్ట్‌లో సగం మంది టోంగా (పసిఫిక్‌లో చిన్న ద్వీప దేశం) వాళ్ళే, అందుకే ఈ గొడవ టీవీలో కంటే టీ బ్రేకుల్లోనే ఎక్కువ చూశా.

ముందు ఒక మాట, టౌమలోలో ఆడేది రగ్బీ లీగ్. ఆల్ బ్లాక్స్ (అందరికీ తెలిసిన న్యూజిలాండ్ రగ్బీ టీమ్) ఆడేది రగ్బీ యూనియన్, అది వేరే ఆట. మనోళ్ళు చాలామంది ఇక్కడే తికమక పడతారు, నేనూ రెండేళ్ళు పడ్డా. లీగ్‌లో టీముకి 13 మంది, బాల్ ఉన్న టీముకి ఆరు ట్యాకిల్స్, ఆరోసారి కూడా పట్టేస్తే బాల్ అవతలోళ్ళకి పోతుంది. కూత లేని కబడ్డీ అనుకోండి, బాల్ పట్టుకుని వచ్చినోడి మీద ముగ్గురు పడతారు, వాడు లేచి బాల్‌ని కాలితో వెనక్కి దొర్లిస్తాడు, వెంటనే ఇంకోడు పరిగెత్తుకొస్తాడు. ఈ మొదటి రెండు మూడు పరుగులూ ఎక్కువగా ఫార్వర్డ్స్ అనే బరువైన ఆటగాళ్ళ పనే. ఎదురుగా గోడలా నిలబడ్డోళ్ళని తెలిసి తెలిసి వెళ్ళి గుద్దడం, లేవడం, వెనక్కొచ్చి డిఫెన్స్ చెయ్యడం, మళ్ళీ గుద్దడం. పాయింట్లు కొట్టి చేతులూపేది మాత్రం ఎక్కువసార్లు వేరేవాళ్ళు.

టౌమలోలో పేరు తెచ్చుకుంది 13 నంబర్‌లో, ఆ ఫార్వర్డ్‌ని లాక్ అంటారు. తనని పట్టుకున్నాక కూడా ఆగడు, అదీ సంగతి. ముగ్గురు వేలాడుతున్నా ఇంకో నాలుగడుగులు ఈడ్చుకుపోతాడు. నాలుగడుగులకేంటి అనిపిస్తుంది గానీ, ప్రతి ట్యాకిల్ అయ్యాక డిఫెన్స్ వాళ్ళు పది మీటర్లు వెనక్కెళ్ళి నిలబడాలి, ఈయన ముందుకి తోసుకెళ్తుంటే వాళ్ళు ఇంకా వెనక్కి నడుస్తుండగానే తర్వాతోడు మీదకొచ్చేస్తాడు, లైన్ మొత్తం చెదిరిపోతుంది. మామూలు ఫార్వర్డ్ మ్యాచ్‌లో 150 మీటర్లు పరిగెత్తితే బాగా ఆడాడంటారు, ఈయన 200 దాటిన మ్యాచ్‌లు బోలెడు.

పుట్టింది ఆక్లాండ్‌లో, 1993లో, అమ్మానాన్నలది టోంగా మూలం. టీనేజ్‌లోనే ఆస్ట్రేలియాలో టౌన్స్‌విల్ వెళ్ళి అక్కడ కిర్వాన్ హైస్కూల్లో చదివాడు, 2010లో 17 ఏళ్ళకే నార్త్ క్వీన్స్‌లాండ్ కౌబాయ్స్ క్లబ్ తరఫున ఎన్ఆర్ఎల్‌లో (ఆస్ట్రేలియా, న్యూజిలాండ్ క్లబ్బుల పెద్ద లీగ్) దిగాడు. 2015లో ఆ క్లబ్‌కి మొట్టమొదటి టైటిల్, బ్రిస్బేన్ క్లబ్ మీద 17-16, ఎక్స్‌ట్రా టైమ్‌లో తోటి ప్లేయర్ థర్స్టన్ కొట్టిన ఫీల్డ్ గోల్‌తో (ఆడుతూనే బాల్‌ని గోల్ కర్రల మధ్యకి తన్నడం, ఒక పాయింట్) (ఆ మ్యాచ్ గురించి వేరే ఆన్సర్ రాయాలి అసలు). 2016లో కూపర్ క్రాంక్‌తో కలిపి డాలీ ఎమ్ మెడల్, అంటే ఆ సీజన్ బెస్ట్ ప్లేయర్. 2017 మార్చిలో ఏకంగా పదేళ్ళ కాంట్రాక్ట్, దాదాపు కోటి ఆస్ట్రేలియన్ డాలర్లని పేపర్లలో వచ్చింది. ఒళ్ళు గుద్దుకుని బతికే ఫార్వర్డ్‌కి పదేళ్ళు రాసివ్వడమేంటని అప్పట్లో అందరూ నోరెళ్ళబెట్టారు.

అదే ఏడాది వరల్డ్ కప్ టీములు ప్రకటించే టైమ్‌కి, 2014 నుంచి న్యూజిలాండ్‌కి ఆడుతున్నోడు టోంగాకి ఆడతానన్నాడు. ఇక్కడ పేపర్లు ఏకిపారేశాయి. నేను కూడా టీ బ్రేక్‌లో "ఇది ద్రోహం కాదా, పెంచింది న్యూజిలాండే కదా" అని పెద్ద తెలిసినట్టు వాగా. మా ఫోర్క్‌లిఫ్ట్ నడిపే టోంగా పెద్దాయన ఏమీ అనలేదు, టీ తాగి కప్పు కడుక్కుని వెళ్ళిపోయాడు. మర్నాడు ఫోర్క్‌లిఫ్ట్ మీద టోంగా ఎర్ర జెండా కట్టుంది, సూపర్‌వైజర్ చూసి కూడా తియ్యమనలేదు.

నవంబర్ 11న హామిల్టన్‌లో రెండు టీములూ తలపడ్డాయి. హాఫ్ టైమ్‌కి న్యూజిలాండ్ 16-2, నేను లోపల్లోపల "చూశారా" అనుకుంటున్నా. చివరికి టోంగా 28-22. ఆ రాత్రి ఓటాహుహు రోడ్ల మీద కార్లు కదల్లేదు, కిటికీల్లోంచి జెండాలు, డిక్కీల మీద కూర్చుని పాటలు. దేశం మొత్తం జనాభా లక్ష, మన దగ్గర ఒక మోస్తరు టౌను!

సెమీస్ ఇంగ్లండ్‌తో మౌంట్ స్మార్ట్ స్టేడియంలో, పెద్దాయనే నాకు టికెట్ ఇప్పించాడు. 20-0తో ఓడిపోతున్నారు, చివరి ఏడెనిమిది నిమిషాలు ఉందనగా మొదలుపెట్టి మూడు ట్రైలు (అవతలి గీత దాటి బాల్‌ని నేలకి ఆనించడం) కొట్టారు, 20-18. ఆఖరి సెకన్లలో టోంగా ఫార్వర్డ్ ఫిఫిటా ఆ గీత దాకా వెళ్ళాడు, బాల్ చేతిలోంచి జారింది, రిఫరీ వీడియో కూడా చూడలేదు, అయిపోయింది. నా పక్కన పెద్దాయన జెండా మొహానికి అడ్డం పెట్టుకుని అలాగే కూర్చున్నాడు, నాకేం మాట్లాడాలో తెలీలా. ద్రోహం అన్న మాట నేను మళ్ళీ ఎత్తలేదు.

ఇక కెరీర్ దెబ్బతిందా అంటే, లేదండి. లీగ్‌లో అసలు జీతం క్లబ్‌ది, ఏ దేశానికి ఆడినా కౌబాయ్స్ కాంట్రాక్ట్‌కి ఢోకా లేదు. పోయింది న్యూజిలాండ్ ఇచ్చే మ్యాచ్ డబ్బులు, టోంగా దగ్గర వచ్చేది దాంతో పోలిస్తే చాలా తక్కువ. 2019లో ఇదే టోంగా వారం తేడాలో గ్రేట్ బ్రిటన్‌ని 14-6తో, ఈడెన్ పార్క్‌లో ఆస్ట్రేలియాని 16-12తో ఓడించింది. ఈయన న్యూజిలాండ్‌లోనే ఉండుంటే ఇవి జరిగేవి కావని నా గట్టి నమ్మకం, ఎందుకంటే ఈయనా, ఆస్ట్రేలియాని కాదనుకుని వచ్చిన ఫిఫిటా దారి చూపించాకే మిగతా పెద్ద ప్లేయర్లకి ధైర్యం వచ్చింది.

దెబ్బ తీసిందేమన్నా ఉంటే అది ఒళ్ళే. 2021లో చెయ్యి విరిగింది, అదే ఏడాది వచ్చిన కోచ్ టాడ్ పేటెన్ గ్రౌండ్‌లో ఉంచే నిమిషాలు తగ్గించాడు, తర్వాత మోకాలు. పదేళ్ళ కాంట్రాక్ట్‌లో చివరి ఏళ్ళు ఇలాగే ఉంటాయని 2017లోనే అన్నోళ్ళున్నారు, వాళ్ళ మాట పూర్తిగా తప్పని నేననను.

చూడాలనుకుంటే హైలైట్స్ వద్దు, వాటిల్లో ఫార్వర్డ్ కనపడడు. హామిల్టన్ ఫుల్ మ్యాచ్ దొరికితే సెకండ్ హాఫ్ పెట్టుకుని బాల్ ఎక్కడున్నా సరే 13 నంబర్‌నే చూస్తూ కూర్చోండి.