హేగ్‌లో కేసు పోతే నిర్దోషి అయినట్టేనా?

ప్రశ్న: మా బావ చాలా ఏళ్లుగా నైరోబీలో అకౌంటెంటుగా పనిచేస్తున్నారు. మొన్న సెలవులకు వచ్చినప్పుడు కెన్యా అధ్యక్షుడు విలియం రూటో మాట వచ్చింది. 2007 ఎన్నికల అల్లర్ల కేసులో హేగ్ కోర్టు ఆయన్ని నిర్దోషిగా వదిలేసిందని బావ అంటారు. కెన్యా పార్లమెంటు తీర్మానం చేసి ఆ కోర్టు నుంచి బయటికొచ్చేసింది కాబట్టే కేసు పోయిందని నేనంటాను. ఎవరిది నిజం? మన దగ్గర ఎన్నికల హింస చేయించిన నాయకుల మీద కూడా ఆ కోర్టుకు వెళ్లొచ్చా? - ఓ పాఠకుడు, కాకినాడ

జవాబు: మీ ఇద్దరిదీ కాదు. అయితే ఇద్దరూ పొరబడటానికి కారణాలున్నాయి.

ముందు కోర్టు ఏదో చూద్దాం. కులభూషణ్ జాదవ్ కేసు విన్న కోర్టూ హేగ్‌లోనే ఉంది గానీ, అది దేశాల మధ్య తగాదాలు తీర్చేది. రూటో నిలబడ్డది అంతర్జాతీయ నేర న్యాయస్థానంలో, అంటే ఐసీసీలో. (క్రికెట్ ఐసీసీ కాదు.) అది వ్యక్తులను విచారిస్తుంది, అదీ జాతి నిర్మూలన, మానవాళిపై నేరాలు, యుద్ధ నేరాల లాంటి వాటికే.

2007 డిసెంబరు 27న కెన్యాలో పోలింగ్ జరిగింది. మూడు రోజుల తర్వాత అప్పటి అధ్యక్షుడు మ్వాయ్ కిబాకి గెలిచారని ప్రకటించగానే, దొంగ లెక్కలని ఆయన ప్రత్యర్థి రైలా ఒడింగా వర్గం భగ్గుమంది. 2008 జనవరి 1న ఎల్డొరెట్ దగ్గర కియాంబాలో చర్చిలో తలదాచుకున్న జనాన్ని లోపలే ఉంచి తగలబెట్టారు. ఆ నెలాఖరున నకూరు, నైవాషాల్లో ప్రతీకార దాడులు జరిగాయి. ఈ అల్లర్లపై వేసిన జస్టిస్ వాకీ కమిషన్ లెక్క ప్రకారం 1,133 మంది చనిపోయారు.

ఆ కమిషన్ ఒక తెలివైన పని చేసింది. దేశంలోనే ప్రత్యేక న్యాయస్థానం పెట్టండి, పెట్టకపోతే అనుమానితుల పేర్లున్న సీల్డు కవరు హేగ్‌కు వెళ్తుందని చెప్పి, ఆ కవరును మధ్యవర్తిగా వచ్చిన ఐక్యరాజ్యసమితి మాజీ ప్రధాన కార్యదర్శి కోఫీ అన్నన్ చేతికిచ్చింది. 2009 ఫిబ్రవరిలో ప్రత్యేక న్యాయస్థానం బిల్లును పార్లమెంటు ఓడించింది. హేగ్‌కే పోనీ అన్న మాట అప్పట్లో కొందరు ఎంపీల నోటే వినిపించింది. హేగ్ దూరం, అక్కడ తేలేసరికి ఏళ్లు పడుతుందన్న లెక్క దాని వెనుక ఉందని నా అనుమానం. జులైలో అన్నన్ కవరు అప్పగించారు. 2010 డిసెంబరు 15న ఐసీసీ ప్రాసిక్యూటర్ రూటో, ఉహురు కెన్యాట్టా సహా ఆరుగురి పేర్లు బయటపెట్టాక పాట మారింది. ఇది వలస పాలకుల కోర్టు, మన సార్వభౌమత్వం మీద దాడి అన్నారు. వారం తిరిగేసరికి అదే పార్లమెంటు ఐసీసీ నుంచి తప్పుకోవాలని తీర్మానించింది.

మీరు చెప్పిన తీర్మానం ఇదే అయ్యుండాలి. 2013 సెప్టెంబరులో ఇలాంటిదే ఇంకొకటి చేశారు. కానీ చట్టప్రకారం ఈ రెండూ కాగితాలే. ఐసీసీకి పునాది అయిన రోమ్ ఒప్పందం 127వ అధికరణ ప్రకారం దేశం ఐక్యరాజ్యసమితి ప్రధాన కార్యదర్శికి రాతపూర్వకంగా నోటీసివ్వాలి. ఇచ్చిన ఏడాదికి గానీ అది అమల్లోకి రాదు, వచ్చినా అప్పటికే నడుస్తున్న కేసుల మీద పనిచేయదు. కెన్యా ఆ నోటీసే ఇవ్వలేదు. ఇవాళ్టికీ సభ్యదేశమే.

మిగతా దారులూ మూసుకుపోయాయి. మా దేశంలోనే విచారిస్తాం, వదిలేయండని 2011లో పిటిషన్ వేశారు. ఈ నిందితుల మీద అక్కడ నిజంగా దర్యాప్తేమీ సాగడం లేదని కోర్టు కొట్టేసింది, అప్పీలూ పోయింది. 2013లో అధ్యక్షుడైన కెన్యాట్టాకు పదవి వల్ల రక్షణ ఉండాలన్న వాదనకు అదే ఒప్పందం 27వ అధికరణ అడ్డు. మన రాజ్యాంగం 361వ అధికరణ రాష్ట్రపతిని, గవర్నర్లను పదవిలో ఉన్నంతకాలం క్రిమినల్ కేసుల నుంచి కాపాడుతుంది. హేగ్‌లో ఆ సౌకర్యం ఎవరికీ లేదు. ఆఫ్రికన్ యూనియన్ అండతో భద్రతామండలిని ఏడాది వాయిదా అడిగారు. 2013 నవంబరు 15న అనుకూలంగా 7 ఓట్లు పడ్డాయి, 8 దేశాలు ఓటు వేయలేదు. కావలసినవి 9. వీటో అవసరమే రాలేదు. వాళ్లకు దక్కింది ఒక్కటే, ఉన్నత పదవిలో ఉన్నవారు రోజూ కోర్టుకు రానక్కర్లేదన్న నిబంధన.

రాజకీయంగా మాత్రం కేసు వాళ్లకు కలిసొచ్చింది. 2007లో రూటో ఒడింగా పక్షం, ఉహురు కెన్యాట్టా కిబాకి పక్షం. ఒకరి మనుషుల మీద ఒకరు దాడులు చేయించారన్నదే అభియోగం. అలాంటిది ఇద్దరూ హేగ్ నిందితులుగానే ఒక్కటై, 2013 ఎన్నికల్లో కెన్యాట్టా అధ్యక్షుడిగా, రూటో ఉపాధ్యక్షుడిగా గెలిచారు.

మరి కేసులు ఎక్కడ పోయాయి? సాక్ష్యాల దగ్గర. కెన్యాట్టా బ్యాంకు ఖాతాలు, ఫోన్ రికార్డులు, ఆస్తుల వివరాలు కావాలని ప్రాసిక్యూటర్ అడిగితే ఆయన ప్రభుత్వమే ఇవ్వాలి. ఎందుకని ఇస్తుంది? 2014 డిసెంబరులో, గడువు ఇక పొడిగించేది లేదని జడ్జీలు చెప్పాక, ప్రాసిక్యూటర్ అభియోగాలు వెనక్కి తీసుకున్నారు. రూటో కేసులో విచారణ నడిచింది గానీ 17 మంది సాక్షులు సహకరించం అంటూ తప్పుకున్నారు. బెదిరింపులు, లంచాలు, వెలివేత భయం పనిచేశాయని ప్రాసిక్యూషన్ మాట. సాక్షులకు డబ్బిచ్చారన్న అభియోగంపై మా వృత్తిలో ఉన్న ఒక కెన్యా న్యాయవాది 2020లో లొంగిపోయి విచారణను ఎదుర్కొన్నాడు, తీర్పు రాకముందే చనిపోయాడు.

అడ్డం తిరిగిన సాక్షులతో మనకు పరిచయం ఎక్కువే. మన దగ్గర పోలీసులకిచ్చిన వాంగ్మూలం, సాక్షి మాట మారిస్తే అతన్ని నిలదీయడానికే తప్ప నేర నిరూపణకు సాక్ష్యం కాదు. సాక్షులు ముందిచ్చిన వాంగ్మూలాలనే సాక్ష్యంగా తీసుకుంటామని హేగ్ ట్రయల్ కోర్టు 2015లో అంది. దానికి ఆధారమైన నిబంధన మారింది 2013 నవంబరులో, విచారణ మొదలైంది సెప్టెంబరులో. ఆట మధ్యలో నిందితులకు నష్టం కలిగేలా రూలు మార్చి వర్తింపజేయకూడదని 2016 ఫిబ్రవరిలో అప్పీల్ కోర్టు ఆ వాంగ్మూలాలను పక్కనపెట్టింది. నా దృష్టిలో అది సరైన తీర్పే, చచ్చిపోయినవాళ్ల బంధువులకు ఎంత చేదుగా ఉన్నా సరే.

2016 ఏప్రిల్ 5న ఇద్దరు జడ్జీలు ఒకవైపు, ఒకరు మరోవైపు నిలిచి, రూటో మీద అభియోగాలు రద్దయ్యాయి. మీ బావ పొరబడింది ఇక్కడే. మన చట్టంలో అభియోగాలు ఖరారయ్యాక ప్రాసిక్యూషన్ కోర్టు అనుమతితో కేసు ఉపసంహరిస్తే నిర్దోషిగా విడుదలైనట్టే. హేగ్‌లో ఈ రెండు కేసుల్లోనూ అలా కాలేదు. రూటోను నిర్దోషిగా ప్రకటించడానికి జడ్జీలు ఒప్పుకోలేదు, సాక్ష్యం దొరికితే మళ్లీ కేసు పెట్టుకోవచ్చన్నారు. సాక్షులను చెడగొట్టడం, రాజకీయ జోక్యం వల్ల విచారణే చెడిపోయిందని ఆ ఇద్దరిలో ఒకరైన జడ్జి ఎబో-ఒసూజి విడిగా రాశారు. దోషి అని కూడా ఎవరూ తేల్చలేదు, ఆ మాటా వాడకూడదు.

ఇక మన దేశం. 1998లో రోమ్‌లో 120 దేశాలు ఒప్పందానికి ఓటేస్తే, మనం ఓటింగుకు దూరంగా ఉన్న 21 దేశాల్లో ఒకరం. ఇప్పటికీ సంతకం చేయలేదు. మన గడ్డ మీద మనవాళ్లు చేసిన నేరం ఆ కోర్టుకు వెళ్లాలంటే మన ప్రభుత్వమే ఒప్పుకోవాలి, లేదంటే భద్రతామండలి పంపాలి. మామూలు పోలింగ్ కొట్లాట అక్కడి గడప ఎక్కదు కూడా. పౌరుల మీద ఒక ప్రభుత్వం లేదా సంస్థ విధానంగా సాగిన, విస్తృతమైన లేదా పథకం ప్రకారం జరిగిన దాడి అయ్యుండాలి. కెన్యా హింస ఆ కొలతకు రాదని ఐసీసీలోని జర్మన్ జడ్జి కౌల్ 2010లోనే విభేదించారు. మనకున్నది భారతీయ న్యాయ సంహిత, మన సెషన్స్ కోర్టు. సాక్షికి ప్రాణభయం ఉంటే 2018 సాక్షుల రక్షణ పథకం కింద జిల్లా కమిటీకి దరఖాస్తు పెట్టుకోవచ్చు. చాలామంది వకీళ్లు కూడా ఆ దారి క్లయింట్లకు చెప్పరు.

బావ గారికి ఇంకొక్కటి చెప్పండి. 2023 నవంబరులో ప్రాసిక్యూటర్ కార్యాలయం కెన్యా దర్యాప్తు ముగిసిందని ప్రకటించింది. అప్పటికి మిగిలినవి రెండే వారెంట్లు, రెండూ సాక్షులకు లంచాలు ఎరవేశారన్న ఆరోపణ మీదే.