‘పింక్ మూన్’ కొత్త ఎల్పీ కొనవచ్చునా?

ప్రశ్న: ఇంగ్లిష్ గాయకుడు నిక్ డ్రేక్ ‘పింక్ మూన్’ ఆల్బమ్ 180 గ్రాముల కొత్త ఎల్పీ రికార్డుగా దొరుకుతోంది. సీడీ నా దగ్గర ఉండగా ఇంత ధర పెట్టడం దండగేనా? – ఒక పాఠకుడు, విజయవాడ

జవాబు: బరువును చూసి మాత్రం కొనకండి. మందమైన రికార్డు సులభంగా వంగకపోవచ్చు గాని, నాదాన్ని నిర్ణయించేవి మూల టేపు, దాని నుంచి రికార్డు మీద గాడి కోసిన తీరు, అచ్చు శుభ్రత. 1971 అక్టోబరులో లండన్‌లోని సౌండ్ టెక్నిక్స్ స్టూడియోలో, ఇంజనీరు జాన్ వుడ్ ఒక్కరే తోడుగా, రెండు రాత్రులలో డ్రేక్ ఈ పాటలన్నీ పాడారు. గొంతు, గిటారు, మొదటి పాటలో కాసేపు ఆయనే వాయించిన పియానో తప్ప మరేమీ లేవు. 1972 ఫిబ్రవరిలో వెలువడినప్పుడు దీన్ని కొన్నవారు బహు కొద్దిమంది.

పదకొండు పాటలూ కలిపి సుమారు 28 నిమిషాలే కాబట్టి, ఒక్కో వైపు పావుగంటకు అటూ ఇటూగానే ఉంటుంది. అందువల్ల గాళ్ల మధ్య ఎడం దండిగా దొరుకుతుంది, ముల్లు లేబుల్ దగ్గరికి చేరేకొద్దీ వచ్చే బరకదనమూ తగ్గుతుంది. అయితే తీగను వేలు వదిలాక మిగిలే నిశ్శబ్దంలో చిన్న దుమ్ము కణం కూడా చిటపటమంటుంది. (నా ప్రతిని నేను రెండుసార్లు కడిగించాను.) దుకాణంలో రికార్డును దీపం కింద వాల్చి, గీతలు లేవని చూసుకొని తీసుకోండి. సీడీని మాత్రం అమ్మేయకండి.