బడి గ్రౌండు మళ్ళీ పిల్లలకు దక్కాలంటే

చిరంజీవి అబ్బాయికి ఆశీస్సులు.

కావలి నుంచి నువ్వు రాసిందంతా చదివాను. చీకటి పడితే గ్రౌండులో సీసాలు, బూతులు, ట్యూషన్ నుంచి వచ్చే ఆడపిల్లల వెంట బండ్లు. నలుగురు కుర్రాళ్ళతో పోయి తరిమేద్దామంటున్నావు. ఆ పని మాత్రం చెయ్యొద్దు. ఒక్క దెబ్బ పడితే చాలు, రెండు వైపులా కేసులు కడతారు. ఆనక అది కులం గొడవో పార్టీ గొడవో అయి కూర్చుంటుంది, గ్రౌండు సంగతి ఎవరికీ పట్టదు.

ముందు వారం రోజులు ఒక నోటుబుక్కు పెట్టు. ఏ రోజు, ఎన్ని గంటలకు, ఏ మూల, ఎంతమంది, అంతే రాయి. పేర్లు, ఊహలు వద్దు. ఒక సాయంత్రం సీసా మూతలన్నీ ఏరేయించి, మర్నాడు పొద్దున్నే పోయి చూడు. మెరుస్తున్నవి రాత్రివి, తుప్పు పట్టినవి నీ కంటికి ఆనని పాతవి. కుప్పగా పడున్న చోటే వాళ్ళ అడ్డా. “రోజూ తాగుతున్నారయ్యా” అంటే స్టేషన్‌లో ఎవరూ కదలరు. “బుధ, శుక్ర, శనివారాల్లో 7:30 నుంచి 10 దాకా, నీళ్ళ ట్యాంకు వెనక” అంటే బీట్ కానిస్టేబుల్‌ను ఆ వేళకే పంపగలరు.

తర్వాత చిల్లచెట్లు, అదే సర్కారు తుమ్మ. వాటి చాటు లేకపోతే వాళ్ళకు సగం ధైర్యం పోతుంది. అయితే పైపైన నరికి వదిలేస్తే మొదట్లోంచి ఒకటికి పది పిలకలేసి ఇంకా దట్టమౌతుంది. మొదలు చుట్టూ అడుగు లోతు తవ్వి దుంపతో సహా పెకలించాలి. కార్తీకంలో వానలకు నేల మెత్తబడ్డాక పెట్టుకుంటే కూలి కలిసొస్తుంది. ఆ ముల్లు చెప్పులోంచి దిగుతుంది, బూట్లు లేకుండా ఎవరినీ దింపొద్దు. వేప, కానుగ జోలికి పోవద్దు, 7 అడుగుల ఎత్తు దాకా కొమ్మలు తీయిస్తే చాలు. రోడ్డున పోయేవాడికి గ్రౌండు అవతలి గోడ కనపడాలి, అదీ కొలత.

గాజు పెంకులు కవర్లో వేస్తే పారిశుద్ధ్య కార్మికుల చేతులు తెగుతాయి. పాత పెయింటు డబ్బాలో వేసి, చెప్పి ఇవ్వు.

లైటంటే అందరూ ఒక పెద్ద ఫ్లడ్‌లైటు కొంటారు. అది కళ్ళలో కొడుతుంది, గోడ పక్క నీడ ఇంకా చిక్కబడుతుంది, వాళ్ళు ఆ నీడలోకి జరుగుతారు. చిన్న ఎల్‌ఈడీలు నాలుగైదు, వెలుగు కిందికి పడేట్టు మున్సిపాలిటీ చేతే పెట్టించు. కెమెరా గేటు దగ్గర ఒకటి చాలు. 10 అడుగులు దాటి బిగిస్తే నడినెత్తులే పడతాయి. పడమరకు తిప్పితే సాయంత్రం ఎండకు ముఖాలన్నీ నల్లగా వస్తాయి.

ఇన్ని చేసినా గ్రౌండు ఖాళీగా ఉంటే మళ్ళీ వాళ్ళదే. హెడ్మాస్టరు దగ్గర రాతపూర్వకంగా అనుమతి తీసుకుని సాయంత్రం 6:30 నుంచి 9 దాకా షటిల్, వాలీబాల్, పెద్దవాళ్ళ నడక పెట్టించు. మొదటి రెండు నెలలు ఒక్క సాయంత్రం కూడా ఖాళీ పోనివ్వొద్దు. గేటు పక్క బడ్డీకొట్టాయనతో నువ్వే మర్యాదగా మాట్లాడు, 7 దాటాక ప్లాస్టిక్ గ్లాసులు, నీళ్ళ ప్యాకెట్లు అమ్మొద్దని. అవి దొరక్కపోతే సీసా అక్కడ తెరుచుకోదు.

అర్జీ ఒక పేజీ దాటనీకు, నోటుబుక్కు నకలు జతచెయ్యి, స్టేషన్ ముద్ర వేసిన కాపీ తీసుకోనిదే బయటికి రావొద్దు. బహిరంగ స్థలంలో తాగి అల్లరి చేస్తే భారతీయ న్యాయ సంహిత 355 సెక్షన్ కింద 24 గంటల దాకా సాదా జైలు, లేదా 1000 రూపాయల దాకా జరిమానా, లేదా రెండూ, లేదంటే సమాజ సేవ. దారికి అడ్డంగా ఏమన్నా కట్టుంటే తీయించేందుకు భారతీయ నాగరిక్ సురక్షా సంహిత 152 సెక్షన్ కింద ఆర్డీవోకు వేరే అర్జీ పెట్టు. రెండు వారాల్లో కదలిక లేకపోతే సోమవారం కలెక్టరేట్‌లో ప్రజా సమస్యల పరిష్కార వేదికకు పో.

ఆడపిల్లల విషయంలో ఆలస్యం చెయ్యొద్దు. వెంటపడుతున్నది కనపడగానే 112. ఆ పిల్లను స్టేషన్ మెట్లెక్కించకుండా ముందు వార్డు సచివాలయంలోని మహిళా పోలీసుతో మాట్లాడించు. గంజాయి వాసన తగిలితే నువ్వు దగ్గరికి పోవద్దు, మత్తుమందుల ఫిర్యాదు నంబరు 1972కు ఫోన్ చేసి చెప్పు.

తాగేవాళ్ళలో మైనర్లుంటే వాళ్ళ ముఖాలు వాట్సాప్ గ్రూపులో పెట్టనివ్వొద్దు. అది చట్టరీత్యా నేరం కావచ్చు, ఆ పిల్లాడికి తిరిగొచ్చే దారి కూడా మూసుకుపోతుంది. ఇంటికి పోయి తల్లిదండ్రులతో చెప్పు, ఇరుగుపొరుగు వినకుండా.

వారం రాయడం అయ్యాక ఆ పేజీలు ఫోటో తీసి పంపు. అర్జీ నేను దిద్దిస్తాను.

మీ పెదనాన్న