డిమెన్షియా పరికరాల మీద పరిశోధన చేస్తానంటోంది మా అమ్మాయి... ప్లేస్‌మెంట్ వదులుకోవాలా?

ప్రశ్న: మా అమ్మాయి వరంగల్‌లో బీటెక్ ఈసీఈ మూడో సంవత్సరం చదువుతోంది. సీజీపీఏ 8.3. నర్సంపేట దగ్గర ఊళ్లో ఉండే మా అమ్మకు రెండేళ్లుగా మతిమరుపు బాగా ఎక్కువైంది. అది చూసి పాప మినీ ప్రాజెక్టుగా, మనిషి కిందపడితే ఫోన్‌కు మెసేజ్ పంపే వాచీ తయారుచేసింది. ఇప్పుడు ప్లేస్‌మెంట్లు వద్దు, ఇలాంటి ముసలివాళ్లకు పనికొచ్చే పరికరాల మీద పరిశోధన చేస్తానంటోంది. ఈ రంగంలో భవిష్యత్తు ఉందా? ఏం చదివించాలి? – ఒక తండ్రి, హనుమకొండ

జవాబు: పాప చదువుకన్నా ముందు మీ అమ్మగారి సంగతి. వయసు మీద పడింది, మరుపు మామూలే అని వదిలేసి ఉంటే, న్యూరాలజిస్టుకో సైకియాట్రిస్టుకో ఒకసారి చూపించండి. విటమిన్ బీ12 తగ్గినా, థైరాయిడ్ మందగించినా, డిప్రెషన్ ఉన్నా, ఎప్పుడో తలకు తగిలిన దెబ్బతో పుర్రె లోపల నెత్తురు గడ్డకట్టినా పైకి మతిమరుపులాగే కనిపిస్తుంది. వీటికి వైద్యం ఉంది. చెవులు వినపడక జవాబు చెప్పలేకపోతే దాన్నీ ఇంట్లోవాళ్లు మరుపు కిందే జమకడతారు. ఏ వాచీకన్నా ఈ పరీక్షలు ముందు.

ఇక భవిష్యత్తు. మన దేశంలోని పెద్ద వయసువాళ్ల మీద జరిగిన లాసీ-డాడ్ అధ్యయనం 2023లో ఇచ్చిన అంచనా ప్రకారం మన దేశంలో అరవై దాటినవాళ్లలో 7.4 శాతం మందికి, అంటే సుమారు 88 లక్షల మందికి డిమెన్షియా, అంటే మతిమరుపు జబ్బు ఉంది. పట్నాలకన్నా పల్లెల్లో ఎక్కువ, మగవాళ్లకన్నా ఆడవాళ్లలో ఎక్కువ. అవసరానికి కొదవ లేదు. కానీ అవసరం ఉన్నచోటల్లా ఉద్యోగం ఉండదు. ‘డిమెన్షియా పరికరాల ఇంజినీరు’ అనే పోస్టు కోసం వెతికితే దొరికేది తక్కువ. దొరికేవి ఎంబెడెడ్ సిస్టమ్స్, సిగ్నల్ ప్రాసెసింగ్, స్పీచ్ టెక్నాలజీ, మెడికల్ డివైస్ టెస్టింగ్ ఉద్యోగాలు. డిమెన్షియాను పాప తన సమస్యగా పెట్టుకోవచ్చు, అన్నం పెట్టే విద్య మాత్రం ఈ నాలుగింటిలో ఒకటి కావాలి. అది తేల్చుకోకుండా ‘వృద్ధులకు సేవ’ అని బయలుదేరినవాళ్లు రెండో ఏడాదికి అలసిపోతారు.

ఆ వాచీ సంగతి వివరంగా చెప్తాను, ఎందుకంటే పరిశోధన అంటే ఏమిటో అందులోనే తెలుస్తుంది. ఇలాంటి ప్రాజెక్టుల్లో మామూలుగా ఉండేవి కదలికను పట్టే ఎంపీయూ6050 సెన్సర్, ప్రోగ్రాం నడిపే బోర్డుగా ఓ ఆర్డునోనో ఈఎస్‌పీ32నో, సిమ్ వేసి మెసేజ్ పంపడానికి సిమ్800ఎల్ మాడ్యూల్. ల్యాబ్‌లో డెమోకు బ్రహ్మాండంగా పనిచేస్తాయి. ఊళ్లో ఎందుకు పనిచేయవంటే, సిమ్800ఎల్ 2జీ మాడ్యూల్. జియోకు 2జీ లేదు, కాబట్టి ఆ సిమ్ వేస్తే నెట్‌వర్కే పట్టదు. వేరే సిమ్ వేశారనుకోండి, సిగ్నల్ పంపే క్షణంలో ఆ మాడ్యూల్ 2 ఆంపియర్ల దాకా కరెంటు లాగుతుంది. బోర్డు మీది 5 వోల్టుల పిన్ నుంచి కరెంటు ఇస్తే వోల్టేజీ పడిపోయి, సరిగ్గా మెసేజ్ పోవాల్సినప్పుడే మాడ్యూల్ రీస్టార్ట్ అవుతుంది. దానికి కావాల్సింది 3.4 నుంచి 4.4 వోల్టులు. లిథియం సెల్ నుంచి నేరుగా, పొట్టి వైర్లతో ఇచ్చి, పక్కనే 1000 మైక్రోఫారడ్ కెపాసిటర్ పెట్టాలి. 4జీ మాడ్యూల్‌కు మారితే ఇంకా మంచిది.

ఇవి వైరింగ్ తప్పులు, సాయంత్రంలో సర్దుకుంటాయి. అసలు చిక్కు వేరే ఉంది. మన ముసలివాళ్లు సోఫాల్లో కూర్చోరు. గద్దె మీదో, నేల మీదో, నులక మంచంలోనో ధబేల్మని కూలబడతారు. సెన్సర్‌కు అదీ పడడమే. రోజుకు వందసార్లు కూర్చుని లేచే మనిషి విషయంలో ప్రోగ్రాం 99 సార్లు సరిగ్గా చెప్పినా రోజుకొక తప్పుడు అలారం మోగుతుంది. నెలకు ముప్పై. నిజంగా పడేది ఏడాదికి ఒకటి రెండు సార్లు. మూడో వారానికి కొడుకు ఆ మెసేజ్‌లు చూడడమే మానేస్తాడు. 99 శాతం కచ్చితత్వం అని రిపోర్టులో రాసుకున్న పరికరం ఇంట్లో పనికిరాకుండా పోయేది ఇలాగే. పైగా ఈ ప్రోగ్రాములను నేర్పే డేటాలో పడినట్టు నటించేది ఎక్కువగా కుర్రవాళ్లు. అందరూ వాడే సిస్‌ఫాల్ డేటాలో 38 మంది ఉంటే, పడిపోవడాలు చేసి చూపినవాళ్లు దాదాపు అందరూ అందులోని 23 మంది యువకులే. ఇంకొకటి, ముసలివాళ్లు జారిపడే ముఖ్యమైన చోటు బాత్రూమ్. స్నానానికి వెళ్లేటప్పుడు వాచీ తీసి గూట్లో పెడతారు. దానికి రోజూ చార్జింగ్ పెట్టాలని గుర్తుంచుకోవాల్సింది ఎవరు? గుర్తుండని మనిషే.

గోలీల డబ్బా తీసుకోండి, ఇంకా స్పష్టంగా ఉంటుంది. ఉదయం ఎనిమిదింటికి బజర్ మోగుతుంది. పెద్దమ్మకు ఆ చప్పుడు దేనిదో తెలియదు, ఇల్లంతా వెతుకుతుంది. కోడలు వచ్చి అడిగితే ‘ఇప్పుడే ఏసుకున్న’ అంటుంది. అబద్ధం కాదు, నిన్న వేసుకున్నది ఆమెకు ఈ పొద్దుటిదిగా తోస్తుంది. డిమెన్షియాలో ఎక్కువగా కనిపించే రకమైన అల్జీమర్స్‌లో ముందుగా దెబ్బతినే మెదడు భాగాల్లో హిప్పోక్యాంపస్ ఒకటి, కొత్త సంగతులను నిలబెట్టేది అదే. చేతులకు అలవాటైన పనులు, అంటే బియ్యం చెరగడం, పూలు అల్లడం లాంటివి, చాలాకాలం నిలుస్తాయి. కాబట్టి కొత్త బటన్, కొత్త యాప్, కొత్త శబ్దం నేర్చుకోమనే పరికరం మొదటిరోజే ఓడిపోతుంది. బజర్ బదులు, రికార్డు చేసిన మాట వినిపించే డీఎఫ్‌ప్లేయర్ మాడ్యూల్ పెట్టి కొడుకు గొంతుతో ‘అమ్మా, పొద్దటి గోలీ ఏసుకో’ అనిపిస్తే ఫలితం మారవచ్చు. సమయానికి డీఎస్3231 క్లాక్ వాడాలి. ఏడాదికి నిమిషం అటూ ఇటూ తప్ప పోదు. చవకైన డీఎస్1307 నెలనెలా జారుతుంది. మూతకు అయస్కాంతం, డబ్బాకు అయస్కాంతాన్ని బట్టి పనిచేసే రీడ్ స్విచ్ పెడితే మూత ఎప్పుడు తెరిచారో తెలుస్తుంది. మింగారో లేదో తెలియదు. ఆ రెండింటి మధ్య తేడాను ఎలా కొలవాలి అన్నదే పరిశోధన ప్రశ్న, డబ్బా కాదు. మరిచిపోయి రెండోసారి వేసుకోకుండా తర్వాతి గడి తాళం పడి ఉండాలి, కానీ ఇంట్లోవాళ్లు తెరవగలగాలి.

ఫైనల్ ఇయర్ ప్రాజెక్టుగా ఇదొక్కటే చేయమనండి. రెండు వారాలు పరికరం లేకుండా, నాలుగు వారాలు పరికరంతో, మళ్లీ రెండు వారాలు లేకుండా. ఒకరు గుర్తుచేయకుండా ఎన్ని పూటలు వేసుకున్నారు, మిగిలిన గోలీలు ఎన్ని, ఎన్నిసార్లు విసుక్కున్నారు, బ్యాటరీ ఎప్పుడు అయిపోయింది... అన్నీ నోట్‌బుక్‌లో ఎక్కాలి.

ఇక్కడ అనుమతుల సంగతి. సొంత నాయనమ్మకు డబ్బా చేసి ఇవ్వడం ఇంటి పని. అదే పని ఆమె డేటాతో పేపర్‌గా రాస్తే, లేదా ఇంకో నాలుగిళ్లలో పెడితే, పరిశోధన అవుతుంది. అప్పుడు మొదలుపెట్టకముందే, మనుషుల మీద చేసే పరిశోధనను పరిశీలించే ఎథిక్స్ కమిటీ అనుమతి కావాలి, తర్వాత తెచ్చుకుంటామంటే కుదరదు. ఇంజినీరింగ్ కాలేజీల్లో ఇలాంటి కమిటీ ఉండకపోవచ్చు. మెడికల్ కాలేజీలో న్యూరాలజీ, సైకియాట్రీ, జనరల్ మెడిసిన్, కమ్యూనిటీ మెడిసిన్ విభాగాల్లో ఒక డాక్టరును కో-గైడ్‌గా తెచ్చుకుంటే అక్కడి కమిటీకి పెట్టవచ్చు. భారత వైద్య పరిశోధన మండలి (ఐసీఎంఆర్) 2017 మార్గదర్శకాల ప్రకారం సమ్మతి పత్రం తెలుగులో ఉండాలి. చదువురానివాళ్లయితే వేలిముద్ర, దానికి పరిశోధనతో సంబంధం లేని సాక్షి. అర్థం చేసుకునే శక్తి లేనివాళ్ల తరఫున చట్టబద్ధ ప్రతినిధి సంతకం చేసినా, ఆ మనిషి వద్దని చేయి తోసేస్తే ఆపాల్సిందే.

పరికరాలకన్నా నాకు ఎక్కువ ఖాళీ కనపడేది భాష వైపు. జ్ఞాపకశక్తి పరీక్షల్లో గడియారం బొమ్మ గీయమంటారు, తేదీ చెప్పమంటారు. ములుగు వైపు ఊళ్లో పలక పట్టని పెద్దమ్మ గడియారం గీయలేకపోతే అది జబ్బా, బడికి పోకపోవడమా? తేదీ తెలియని ఆమె బతుకమ్మ పండుగ అయిందో లేదో మాత్రం చెప్పగలదు. ఈ తేడా గుర్తించే ఐసీఎంఆర్ తెలుగుతో సహా అయిదు భాషల్లో న్యూరో కాగ్నిటివ్ టూల్‌బాక్స్ అనే జ్ఞాపకశక్తి పరీక్షల కట్ట తయారుచేయించింది. హైదరాబాద్ నిమ్స్‌లో సువర్ణ అల్లాడి బృందం 648 మంది రోగులను పరిశీలించి, రెండు భాషలు మాట్లాడేవాళ్లలో డిమెన్షియా సగటున నాలుగున్నరేళ్లు ఆలస్యంగా బయటపడిందని 2013లో ప్రచురించింది. చదువురానివాళ్లలోనూ ఆ తేడా కనిపించింది. ప్రపంచం చదివిన ఈ పని మనకు 150 కిలోమీటర్ల లోపే జరిగింది. మాటల తడబాటును బట్టి జబ్బు పట్టే ప్రోగ్రాములకు ఎక్కువగా వాడే మాటల రికార్డింగుల డేటా పిట్ కార్పస్, అది ఇంగ్లిష్‌ది. ‘యాదికొస్తలేదు’ అనే గొంతు దానికి తెలియదు. ఈసీఈ పిల్లకు సిగ్నల్ ప్రాసెసింగ్ ఎలాగూ వచ్చు కాబట్టి ఇటు ఒక కన్నేసి ఉంచమనండి.

తేలికగా కనిపించే ఇంకో దారి ఉంది, అందులో పడొద్దనండి. నెట్‌లో దొరికే ఎంఆర్ఐ బొమ్మలతో ‘99 శాతం కచ్చితత్వంతో అల్జీమర్స్ గుర్తింపు’ అనే ప్రాజెక్టు. ఒకే రోగి మెదడు స్లైసులు (పొరల బొమ్మలు) కొన్ని ప్రోగ్రాంకు నేర్పే ట్రైనింగ్‌లో, కొన్ని దాన్ని పరీక్షించే టెస్టింగ్‌లో పడతాయి. ప్రోగ్రాం జబ్బును కాదు, మనిషిని గుర్తుపడుతుంది. ఇంటర్వ్యూలో ప్రొఫెసర్ అడిగే మొదటి ప్రశ్న ‘రోగులవారీగా విడగొట్టావా, బొమ్మలవారీగానా’ అనే.

చదువుల విషయానికొస్తే, పరికరాల మీద మనసుంటే ఐఐటీ హైదరాబాద్ బయోమెడికల్ ఇంజినీరింగ్ ఎంటెక్, దానికి గేట్. మాట, మెదడు, కంప్యూటింగ్ అయితే ట్రిపుల్‌ఐటీ హైదరాబాద్‌లో ఎంఎస్ బై రీసెర్చ్, ప్రవేశం ఆ సంస్థ సొంత పరీక్ష పీజీఈఈ ద్వారా. అక్కడ కాగ్నిటివ్ సైన్స్ ల్యాబ్, స్పీచ్ ల్యాబ్ రెండూ ఉన్నాయి. జ్ఞాపకశక్తి శాస్త్రమే కావాలంటే హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీలో న్యూరల్ అండ్ కాగ్నిటివ్ సైన్సెస్ కేంద్రం ఉంది. పీహెచ్‌డీ దశకు బెంగళూరు నిమ్హాన్స్, ఐఐఎస్‌సీలోని సెంటర్ ఫర్ బ్రెయిన్ రీసెర్చ్. ఈ రెండోది కోలారు జిల్లా శ్రీనివాసపుర పల్లెల్లో ముసలివాళ్లను ఏళ్ల తరబడి పరిశీలిస్తోంది. ఒక్క జాగ్రత్త: రోగులకు స్వయంగా మెమరీ పరీక్షలు చేసి రిపోర్టు ఇచ్చే క్లినికల్ సైకాలజిస్టు కావాలంటే రిహాబిలిటేషన్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా (ఆర్‌సీఐ) రిజిస్ట్రేషన్ ఉండాలి. బీటెక్ మీద అది రాదు.

డబ్బు సంగతి దాచిపెట్టను. ఎంటెక్‌లో గేట్ స్టైపెండ్ నెలకు 12,400. పీహెచ్‌డీలో జేఆర్ఎఫ్ అనే ఫెలోషిప్ మొదటి రెండేళ్లు 37,000, తర్వాత 42,000, హెచ్ఆర్ఏ అదనం. పీహెచ్‌డీకి అయిదేళ్లు పడుతుందనే లెక్క వేసుకోండి. ఇంట్లో అప్పులుంటే రెండేళ్లు ఉద్యోగం చేసి వెళ్లడం తప్పేమీ కాదు. గేట్ స్కోరు మూడేళ్లు చెల్లుతుంది కూడా.

కాబట్టి ప్లేస్‌మెంట్లకు కూర్చోమనండి. ఎంబెడెడ్ కంపెనీ వస్తే తీసుకోమనండి. గేట్ మూడో సంవత్సరం నుంచే రాయవచ్చు, దరఖాస్తులు ఆగస్టు చివర్లోనో సెప్టెంబరులోనో మొదలై పరీక్ష ఫిబ్రవరిలో ఉంటుంది. డిసెంబరు సెలవుల్లో సమ్మర్ ఇంటర్న్‌షిప్ కోసం నలుగురైదుగురు ప్రొఫెసర్లకు మెయిల్ రాయమనండి. ‘మీ ల్యాబ్‌లో పనిచేయాలని నా కల’ లాంటి మాటలు వద్దు. వాళ్ల పేపర్ ఒకటి చదివి దాని మీద ఒక ప్రశ్న, దానితో పాటు ఆ వాచీ తప్పుడు అలారాలు రోజుకు ఎన్ని ఇచ్చిందో చూపే ఒక పేజీ టేబుల్. అది కావాలంటే ముందు ఎవరైనా ఆ వాచీని పది రోజులు చేతికి పెట్టుకుని, కూర్చున్న ప్రతిసారీ గీత గీసుకోవాలి. ఆ పని మీరే చేయవచ్చు.