విశాఖ, భీమిలి బీచ్‌లలో నల్ల ఇసుక: ఫ్యాక్టరీల కాలుష్యమేనా?

కాదండీ. ఆ నలుపు తూర్పు కనుమలది. ఖోండలైట్, చార్నొకైట్ రాళ్లు ఎండకీ వానకీ చివికి, గెడ్డల్లోనూ (కొండవాగుల్లోనూ) గోస్తని నదిలోనూ కొట్టుకొచ్చి సముద్రంలో పడతాయి, తేలిక ఇసుకని అలలు లాక్కుపోతే బరువైన ఇల్మనైట్, గార్నెట్ లాంటి ఖనిజాలు ఒడ్డున చారలు కట్టి మిగులుతాయి. అయస్కాంతానికి కాగితం చుట్టి ఆ ఇసుకలో తిప్పండి, నల్లని రేణువుల్లో కొన్ని మీసాల్లా నిలబడి అంటుకుంటాయి. ఎర్రగా మెరుస్తూ కింద మిగిలేది గార్నెట్.

భయపడాల్సింది విశాఖ హార్బర్ బురదకి. ఎమ్మెస్సీ ప్రాజెక్టు కోసం పడవలో వెళ్లి గ్రాబ్ (అడుగు మట్టిని పట్టి తెచ్చే ఇనుప దవడ) దింపి లాగితే, ట్రే నిండా జావలాంటి నల్ల బురద, కుళ్లిన కోడిగుడ్డు కంపు. పడవాయన ముక్కుకి తువ్వాలు అడ్డం పెట్టుకుని "ఈ బురదలో ఏటి ఎతుకుతారు బాబూ, పీత కూడా బతకదు" అన్నాడు. ఒడ్డుకి చేరేసరికి పైపొర గోధుమరంగుకి తిరిగింది, వేలు గుచ్చితే లోపల ఇంకా నలుపే. గాలి ఆడని చోట గంధకంతో కలిసి అణిగి ఉన్న లోహాలు ఆక్సిజన్ తగిలితే కొంత వదులవుతాయి. డ్రెడ్జింగ్‌తో, అంటే పూడిక తీతతో, అడుగుని కెలికిన ప్రతిసారీ ఇదే జరుగుతుంది, అయినా ఎవరికీ పట్టదు. బోట్లకి నాచు పట్టకుండా వేసే రంగుల్లో చాలావాటిలో రాగి ఉంటుంది, ఒడ్డుకి లాగి గీకినప్పుడు ఆ పెచ్చులు నేరుగా నీళ్లలోకే పోతాయి, కింద ఒక టార్పాలిన్ పరిస్తే ఏం పోయింది?

ఇంకో బాధ కూడా చెప్పాలి. "రాగి ఇన్ని పీపీఎం (పది లక్షల వంతుల్లో ఇన్ని)" అని హెడ్డింగ్ పెట్టేస్తారు, ఏ రాయి నుంచి వచ్చిందో, రేణువు ఎంత సన్నదో రాయరు. సగటు షేల్‌లో (బంకమట్టి గట్టిపడి అయిన రాయిలో) రాగి 45 పీపీఎం అయితే డెక్కన్ బసాల్టులో (దక్కన్ లావా రాయిలో) 100 దాటడం మామూలే, గోదావరి మోసుకొచ్చేది ఎక్కువగా ఆ బసాల్టు మన్నే కాబట్టి అక్కడి ఒండ్రులో రాగి ఎక్కువుంటే ముందు కొండని అడగాలి. అందుకే లోహాన్ని, బంకమట్టి ఎంతుందో చెప్పే అల్యూమినియంతో భాగించి, పై నుంచి కొట్టుకొచ్చే రాయిలో అదే లెక్క ఎంతో పక్కన పెట్టి చూస్తారు.

నేను డబ్బు కట్టి పంపిన ఒక ల్యాబ్ మాత్రం ఇసుకా బురదా కలిపేసి రిపోర్టు ఇచ్చింది, సీసం తక్కువే ఉందని. ఇసుకలో లోహం పెద్దగా నిలవదు, సన్న బంకమట్టికే పట్టుకుంటుంది. 63 మైక్రాన్ల జల్లెడ పట్టి అదే నమూనా మళ్లీ చేయిస్తే సీసం అంకె పెరిగింది. అందుకే ఎవరైనా హార్బర్ బురద రిపోర్టు చూపిస్తే నేను ముందు అడిగేది జల్లెడ పట్టారా అని.