మదుపరుల సందేహాలు: సింగరేణి దొరకదు, నైవేలి దొరుకుతుంది

ప్రశ్న: సింగరేణి షేర్లు కొందామని డీమ్యాట్ ఖాతా తెరిచాను. యాప్‌లో ఎంత వెతికినా ఆ పేరు రావడం లేదు. ఎందుకు?
– ఒక పాఠకురాలు, మంచిర్యాల

జవాబు: సింగరేణి స్టాక్ ఎక్స్ఛేంజీలో నమోదు కాలేదమ్మా. దాని వాటాలు దాదాపు పూర్తిగా తెలంగాణ ప్రభుత్వం (51 శాతం), కేంద్రం (49 శాతం) చేతుల్లోనే ఉన్నాయి. 'సింగరేణి షేర్లు ఇప్పిస్తాం' అని ఎవరైనా ఫోన్ చేస్తే ఒక్క రూపాయి కూడా పంపకండి. గని, కరెంటు రెండూ ఉన్న ప్రభుత్వ కంపెనీయే కావాలంటే, తమిళనాడులోని నైవేలిలో 1956లో పుట్టిన ఎన్‌ఎల్‌సీ ఇండియా లిస్టయి ఉంది.

ప్రశ్న: బొగ్గు ధర పెరిగితే ఎన్‌ఎల్‌సీ లాభం పెరుగుతుందా? కొనేముందు ఏం చూడాలి?
– ఒక పాఠకుడు, విజయవాడ

జవాబు: చాలామంది పొరబడేది ఇక్కడే. నైవేలిలో తవ్వేది లిగ్నైట్, అంటే తక్కువ రకం గోధుమ రంగు బొగ్గు. దాని బరువులో దాదాపు సగం నీరే కాబట్టి దూరం మోస్తే గిట్టదు. గని పక్కనే ప్లాంటు పెట్టి మండిస్తారు. ఆ కరెంటు ధరను కేంద్ర విద్యుత్ నియంత్రణ కమిషన్ ఖరారు చేస్తుంది. ప్లాంటుకు కమిషన్ ఒప్పుకున్న ఖర్చు 100 కోట్లనుకోండి. అందులో 70 కోట్లు అప్పు, 30 కోట్లు సొంత పెట్టుబడి కింద లెక్కేస్తారు. ఆ 30 కోట్ల మీద 15.5 శాతం, అంటే ఏటా 4.65 కోట్ల ప్రతిఫలం. ప్లాంటు నిర్దేశించినంత కాలం సిద్ధంగా లేకపోతే స్థిర చార్జీలో (ఈ ప్రతిఫలం, అప్పు వడ్డీ లాంటివి కలిసిన మొత్తంలో) కోత పడుతుంది. నిర్మాణం ఆలస్యమైతే వడ్డీ పేరుకుంటుంది. తప్పు కంపెనీదేనని తేలితే ఆ భారాన్ని టారిఫ్‌లో, అంటే కరెంటు ధరలో, కలపనివ్వరు. అందుకే బొగ్గు ధర కన్నా కొత్త యూనిట్లు ఏ తేదీకి ఉత్పత్తిలోకి వస్తున్నాయో చూడండి.

బయట అమ్ముకునే బొగ్గు ఒడిశాలోని తలబిరా గనిలో ఉంది. ధరల ఎగుడుదిగుడులు తగిలేది అక్కడే.

ఉత్తరప్రదేశ్‌లోని ఘాటంపూర్ ప్రాజెక్టు 660 మెగావాట్ల చొప్పున మూడు యూనిట్లు. మొత్తం 1,980 మెగావాట్లని మురిసిపోవద్దు, అందులో ఎన్‌ఎల్‌సీ వాటా 51 శాతమే. కన్సాలిడేటెడ్ (అనుబంధ కంపెనీలనూ కలిపి చూపే) ఫలితాల్లో 'మాతృసంస్థ వాటాదారులకు చెందే లాభం' అన్న వరుసే మీది.

త్రైమాసిక లాభం ఒక్కసారిగా ఎగిరితే దాన్ని నాలుగుతో గుణించేయకండి. పాత ఏళ్ల టారిఫ్‌పై కమిషన్ ఉత్తర్వు వచ్చినప్పుడు ఆ తేడా 'రెగ్యులేటరీ డిఫరల్' పద్దులో పడుతుంది. అది మళ్లీ మళ్లీ వచ్చేది కాదు. ఫలితాల కింద చిన్న అక్షరాల్లో ఉండే నోట్స్ తప్పకుండా చదవండి.

తర్వాత బకాయిలు. కరెంటు కొనేవాళ్లు రాష్ట్రాల డిస్కంలు (విద్యుత్ పంపిణీ సంస్థలు), మన రెండు రాష్ట్రాలవీ వాటిలో ఉన్నాయి. 'ట్రేడ్ రిసీవబుల్స్'ను (కొన్నవాళ్ల నుంచి ఇంకా రావాల్సిన డబ్బును) ఏడాది ఆదాయంతో భాగించి 365తో గుణిస్తే, అమ్మిన కరెంటు డబ్బు ఎన్ని రోజులకు చేతికొస్తోందో తెలుస్తుంది. ఆ రోజులు ఏటేటా పెరుగుతుంటే, కాగితం మీద లాభం ఎంతున్నా జాగ్రత్త పడాలి.

భూమి విషయం తేలిగ్గా తీసుకోవద్దు. 2023లో నైవేలి దగ్గర పంట మీదున్న వరి పొలాల్లోకి యంత్రాలు దించడంతో పెద్ద ఆందోళన రేగింది. రైతుకు న్యాయమైన పరిహారం అందకపోతే గని ముందుకు కదలదు. గని ఆగితే పక్కనున్న ప్లాంటుకు లిగ్నైట్ అందదు.

ప్రశ్న: రికార్డు తేదీ రోజే షేర్లు కొన్నాను. డివిడెండ్ రాలేదేం?
– ఒక పాఠకుడు, నిజామాబాద్

జవాబు: రికార్డు తేదీన ఎవరి ఖాతాలో షేర్లుంటే వాళ్లకే డివిడెండ్ (లాభంలో పంచే వాటా) వస్తుంది. కొన్న షేర్లు మరుసటి పనిదినానికి గానీ ఖాతాలోకి రావు. రికార్డు తేదీకి కనీసం ఒక ట్రేడింగ్ రోజు ముందు కొనాలి. అలాగని డివిడెండ్ కోసమే పరుగెత్తకండి. రికార్డు తేదీన ధర దాదాపు ఆ మేరకు దిగుతుంది, చేతికొచ్చిన డివిడెండ్‌పై మీ శ్లాబు ప్రకారం పన్ను కూడా కట్టాలి.